నీళ్లు దిగే వంకర

ఈ కాలపు గొడుగుల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. అవి వానను ఆపవు. వానను జాగ్రత్తగా ఒకచోటికి చేర్చి, సరిగ్గా మన ఎడమ భుజం మీద దించుతాయి. పాత నల్లగొడుగు ఊచల చివర చిన్న బొడిపెలుండేవి. నీళ్లు అక్కడిదాకా పాకి, మనకు దూరంగా రాలిపోయేవి. ఇప్పటి గొడుగు మడిస్తే సంచిలో పడుతుంది. ఆ సౌకర్యానికి ఒక భుజాన్ని వదులుకోవాలి.

మొన్న అలాగే ఒక భుజం తడిగా, ఒక భుజం పొడిగా, వనపర్తిలో మహమూద్ సాబ్ ఇంటి ముందు దిగాను. సాబ్ పోయి ఆరేళ్లయింది. ఆయన భార్యను ఆయన దగ్గర పనిచేసినవాళ్లమందరం ఖాలా అంటాం, అంటే పిన్ని. నేనుండేది నాగర్‌కర్నూల్లో. ముందురోజు ఖాలా ఫోన్ చేసి, "ఇంట్ల ఫైబర్ నెట్ పెట్టిస్తున్న. వచ్చి జర నిలవడు. మీ సాబ్ ఉంటె నిన్నెందుకు పిలుస్త," అన్నది. ఇంతకంటే మర్యాదగా ఆమె ఎవరినీ పిలవగా నేను వినలేదు.

లోపల అడుగు పెట్టగానే వాసన తగిలింది. పాత మట్టిగోడలో డ్రిల్లు దిగితే వచ్చే వాసన, దానికి వాన తడి తోడు. తడిమట్టి వాసన గురించి చాలామంది చాలా అందంగా రాశారు. నాకు మాత్రం ఆ వాసనకు అరికాళ్లు చల్లబడతాయి. నేరుగా బయటికి వెళ్లి గోడ చూశాను. స్తంభం నుంచి వచ్చిన సన్నటి తీగ చూరు కింద క్లిప్పు క్లిప్పుకూ సమంగా సాగి, రూళ్లకర్రతో గీసినట్టు వచ్చి, రంధ్రంలోకి దూరిపోయింది. అంత శుభ్రమైన పనిని ఈ మధ్య నేను చూడలేదు. అందుకే గబగబా నిచ్చెన దగ్గరికి నడిచాను.

"అన్నా, రంధ్రం కాడ తీగను జర కిందికి దించి, మళ్ల పైకి తీసుకపో," అన్నాను, నిచ్చెన మీదున్న టెక్నీషియన్‌తో.

"వంకర కనవడ్తది సార్. మేం ఫోటో తీసి పంపాలె. నీట్‌గ లేకుంటె మళ్ల చెయ్యమంటరు."

నీట్‌గా అనే ఆ మాటను ఒకప్పుడు నేనూ ఇంతే ధీమాగా అన్నాను. దాని కథ చెప్పాలంటే సాబ్ గురించి చెప్పాలి.

రెండు వేల ఏడు ప్రాంతం. నేను బీఎస్సీ కంప్యూటర్స్ పాసై ఏడాది దాటింది. నా చదువు కోసం దేశం ఎదురుచూస్తోందని అనుకున్నాను గానీ, దేశం ఏమంత తొందరపడలేదు. చివరికి మా నాన్నకున్న పరిచయంతో సాబ్ దగ్గర చేరాను. వనపర్తి, పెబ్బేరు, గద్వాల వైపు ఇళ్లకు టెలిఫోన్ తీగలు వేయడం ఆయన పని. అప్పట్లో ఇంటర్నెట్ కూడా ఆ తీగ మీదే వచ్చేది. మొదటిరోజు సాబ్ నా సర్టిఫికెట్‌ను రెండు వైపులా తిప్పి చూసి, "నిచ్చెన ఎక్కొస్తదా?" అని అడిగారు. వస్తుందన్నాను. "మరి ఇదెందుకు తెచ్చినవ్?" అని తిరిగిచ్చేశారు. ఆరోజు నుంచి నా పేరు డిగ్రీ.

సాబ్ పని చూడటానికి పక్కింటివాళ్లు వచ్చి నిలబడేవాళ్లు. జానెడుకొక క్లిప్పు, దేనికదే కొలిచినట్టు. గోడకు డ్రిల్లు పెట్టే ముందు కింద తన తువ్వాల పరిచేవారు. పని కాగానే రాలిన మట్టిని అందులోనే మూటగట్టి, బయట దులిపి, అదే తువ్వాలతో మొహం తుడుచుకునేవారు. ఏ ఇంటికి పోయినా గడప బయటే నిలబడి, "తీగ పనోళ్లం వచ్చినం, ఆడోళ్లు జర పక్కకు పోండ్రి," అని కేకేసి, లోపలి నుంచి జవాబు వచ్చేదాకా కదిలేవారు కాదు. అలాంటి మనిషి పనిలో నాకొక్కటే లోపం కనిపించేది. గోడ పొడవునా అంత తిన్నగా వచ్చిన తీగ, సరిగ్గా రంధ్రం దగ్గరికి వచ్చేసరికి బెత్తెడు కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కి లోపలికి పోయేది. ప్రతి ఇంట్లోనూ అంతే. వినాయకుడికి తొండంలాగా సాబ్ పనికి ఆ వంకర.

ఒకసారి వీపనగండ్లలో ఒక ఇంటికి చివరి నాలుగు క్లిప్పులు నన్ను కొట్టమన్నారు. కొట్టాను, ఏ వంకరా లేకుండా. సాబ్ కిందినుంచి చూశారు. నిచ్చెనెక్కి, రెండు వేళ్లతో తీగను ఒక్క లాగు లాగారు. నా నాలుగు క్లిప్పులూ గోడలోంచి ఊడి, ఆ ఇంటాయన టీ గ్లాసు పక్కన పడ్డాయి. ఆ ఇంటాయన కూడా నిర్ఘాంతపోయాడు. టీ తాగడం మర్చిపోయాడు.

"ఈడ జర దించు," అన్నారు సాబ్. అంతే.

ఎందుకని నేను అడగలేదు. అడిగేవాడికి డిగ్రీ ఉండకూడదు. పెద్దాయన చేతులు వణుకుతున్నాయి, చివరికి వచ్చేసరికి పట్టు తప్పుతోంది, దాన్నే పద్ధతని చెబుతున్నాడు పాపం అని నాకు నేనే తేల్చుకుని, జాలిపడి ఊరుకున్నాను.

మరుసటి ఏడు ఎండాకాలంలో మొదటిసారి నన్నొక్కణ్ణే గద్వాలకు పంపారు. నర్సింహులు అనే నేతపనాయన ఇల్లు. వాళ్లది తరతరాల నేతే గానీ, చీరలన్నీ మధ్యలో ఒక సేటు చేతుల మీదుగానే పోయేవి. ఆయన బిడ్డ సరళ డిగ్రీ చదువుతోంది. చీరల ఫోటోలు తీసి హైదరాబాద్ దుకాణాలకు మెయిల్లో పంపితే సేటు అక్కర్లేకుండా ఆర్డర్లు రావచ్చని తండ్రిని ఒప్పించింది. ఆ ఇంటర్నెట్ కోసమే నేను వెళ్లింది.

మట్టిగోడల ఇల్లు. తీగ లోపలికి రావడానికి వీలున్నది మగ్గం గది గోడ ఒక్కటే. మగ్గానికి కొంచెం పైన రంధ్రం పెట్టాను. తువ్వాల పరిచాను, మట్టి మూటగట్టాను, సాబ్ చేసినవన్నీ చేశాను. ఒక్క వంకర మాత్రం పెట్టలేదు. ఆ రోజు గద్వాలలో నా తీగ స్తంభం నుంచి మగ్గందాకా ఎక్కడా తల వంచలేదు.

సరళ బయటికి వచ్చి చూసి, "గీత గీసినట్టున్నదన్నా," అన్నది.

"మాది నీట్‌గుంటది," అన్నాను. మాది అన్నానే గానీ, మనసులో ఉన్నది నాది అనే.

ఆ సాయంత్రమే ఆమె మొదటి ఫోటోలు పంపింది. రెండు వారాల్లో ఆర్డర్ వచ్చింది. నర్సింహులు జీవితంలో మధ్యన ఎవరూ లేకుండా వచ్చిన మొదటి ఆర్డర్. గంధం రంగు చీర, కుంకుమ రంగు పట్టు అంచు. ఇది నచ్చితే ఏడాది పొడవునా పని ఇస్తామని దుకాణంవాళ్లు రాశారట. సరళ ఫోన్ చేసి చెబితే, ఆ చీర సగం నేనే నేసినట్టు పొంగిపోయాను.

మిరుగు, అంటే మృగశిర కార్తె, మొదటి వాన రాత్రంతా కురిసింది. పొద్దున్నే సరళ ఫోన్. "అన్నా, జర వచ్చిపోండ్రి," అన్నది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. సాబూ నేనూ బస్సెక్కి పోయాం.

గదిలోకి అడుగు పెట్టి నేను అక్కడే ఆగిపోయాను. స్తంభం నుంచి వాన నీళ్లు నా తిన్నటి తీగ పట్టుకుని, దారిలో ఎక్కడా ఒక చుక్క జారకుండా, రంధ్రంలోంచి లోపలికి వచ్చాయి. గోడలోని ఎర్రమట్టిని కలుపుకుని రాత్రంతా మగ్గం మీద పడ్డాయి. నేసినంత బట్ట చుట్టలో ఉంది కాబట్టి దానికేం కాలేదు. ఇంకా నేయాల్సిన పడుగు, అంటే నిలువు పోగులే తడిసి, గంజి వదిలి, ఉబ్బిపోయాయి. నర్సింహులు చేత్తో అలా తాకితే ఇలా తెగుతున్నాయి. ఒకే రంధ్రంలోంచి ఆర్డరూ వచ్చింది, నీళ్లూ వచ్చాయి. ఈ వాక్యం దొరకడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నర్సింహులు తిట్టలేదు. గోడవైపు చూసి, "ఇది ఎవరు చేసిండ్రు సాబ్?" అని మాత్రం అడిగాడు.

నేను సాబ్‌వైపు చూశాను. నన్ను ఒక్కణ్ణే పంపింది ఆయనే. పేరు ఆయనది, ఊళ్లో పరపతి ఆయనది. ఆ మాట తన మీద వేసుకుంటారని నేను పూర్తిగా నమ్మాను.

"వీడు," అన్నారు సాబ్, నా వైపు వేలు చూపించి. "ఈడనే కూసుంటడు. పని చెప్పు."

ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ క్షణంలో వాన కన్నా, తెగిన పోగుల కన్నా, ఆ వేలే నన్ను ఎక్కువ కుదిపేసింది.

పాడైనంత మేర పోగులు కత్తిరించి, ఒక్కొక్క పోగుకూ కొత్త పోగు ముడివేయాలి. నర్సింహులు నా వేళ్లకు చిటికెడు బూడిద రాసి, ముడి ఎలా వేయాలో చూపించాడు. ఆయన ముడి కంటికి కనబడదు. నాది దూరం నుంచి కూడా కనబడేది.

"ఇది ముడా, గోలీనా?" అన్నాడు నర్సింహులు.

"డిగ్రీలో ఇది చెప్పలే," అన్నాను.

"మరి తీగ గుంజుడు చెప్పిండ్రా?"

అటువైపు నుంచి సాబ్ నవ్వారు. అప్పుడు చూశాను, ఆయన కూడా చొక్కా చేతులు మడిచి మగ్గానికి అవతల కూర్చుని ఉన్నారు. ఆ పని సాగిన నాలుగు రోజులూ ఇంకే ఊరి పనీ ఒప్పుకోలేదు. పొద్దున మొదటి బస్సుకు వచ్చి, సాయంత్రం దాకా ముడులు వేసేవారు. చేతులు ఏమాత్రం వణకలేదు. ఆయన ముడులు నర్సింహులు ముడుల్లో కలిసిపోయాయి.

రెండో రోజు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "మీరు చేసిన అని చెప్పొచ్చు గద సాబ్. ఆయన మిమ్మల్ని ఏమనకపోతుండె."

"గందుకే చెప్పలే. నేను చేసిన అంటె మాఫ్ చేస్తడు. ఇగ ముడులు ఎవడేస్తడు?"

మళ్లీ అడిగాను. "ఆ వంకర ఎందుకో మొదాలే చెప్పకపోతిరి."

"నువ్వు అడిగినవా?" అని, కిటికీ మీద కారుతున్న నీళ్లను చూపించారు. "నీళ్లు తీగ ఎంట పోతయి. తీగ కిందికి దిగి మళ్ల ఎక్కిందనుకో, దిగినకాడ్నే రాలిపోతయి. నీళ్లకు ఎక్కుడు రాదు. డిగ్రీ ఉన్నోనివి, తెల్సుంటది అనుకున్న."

చీర పూర్తయింది. చెప్పిన రోజుకే హైదరాబాద్ వెళ్లింది. నా గోలీల గురించి నేను భయపడుతుంటే సాబ్, "తీస్కున్నరు, పో, పని చూసుకో," అన్నారు. ఆ మాటతో నా గుండె మీది బండ దిగింది. తర్వాతెప్పుడో నర్సింహులువాళ్లు వేరే దుకాణానికి నేస్తున్నారని విన్నాను. వ్యాపారంలో మామూలే అనుకున్నాను. నాకు నాగర్‌కర్నూల్లో ఉద్యోగం వచ్చేదాకా మరో రెండేళ్లు సాబ్ దగ్గరే పని చేశాను. ఆ రెండేళ్లలో నేను వంకర పెట్టకుండా తీగ వేసిన ఇల్లు లేదు.

ఇప్పటికీ ఎవరింటికి పోయినా ముందు గోడలే చూస్తాను. తీగ ఎటునుంచి వచ్చింది, నీళ్లు ఎక్కడ రాలతాయి, దాని కింద ఎవరి వస్తువుంది. మా ఇంటావిడ దీన్ని జబ్బు అంటుంది. ఎవరైనా నా పనిని శుభ్రంగా ఉందని మెచ్చుకుంటే ఒకసారి గోడకు అవతలివైపు పోయి చూసి వస్తాను. తెలియనిది అడగడానికి మాత్రం ఇప్పుడు సిగ్గుపడను. పడాల్సిన సిగ్గంతా ఆ మగ్గం దగ్గరే అయిపోయింది. నాలుగు రోజుల కష్టంతో ఒక చీరను కాపాడగలిగాననే తృప్తి కూడా ఇన్నేళ్లూ నాతోనే ఉంది.

టెక్నీషియన్‌కు ఇదంతా చెప్పేసరికి వాన వెలిసింది. అతను కథ మొత్తం విని, "సరే సార్. ముందుగాల ఫోటో తీస్త, తర్వాత వంకర పెడ్త," అన్నాడు. లోకం తీరు అతనికి బాగా తెలుసు. ఫోటో తీసుకుని, రెండు క్లిప్పులు పీకి, తీగను బెత్తెడు కిందికి దించాడు. చూరు నుంచి జారిన ఒక చుక్క తీగ మీద పాకుతూ వచ్చి, వంకర దగ్గర ఆగి, కింద రాలింది.

ఖాలా గడపలో నిలబడి ఇదంతా వింటోంది.

"మంచిగ చెప్పినవ్ కత," అన్నది. "ఆ చీర కాపాడిన అంటివేంది?"

"తీసుకున్నరు గద ఖాలా. సాబే చెప్పిండు."

"ఎవరు తీస్కున్నరు? వారం తిరగకముందే వాపసొచ్చింది. అంతట ముడులే ఉన్నయన్నరు. మళ్ల ఆ దుకాణపోళ్లు నర్సింహుల్ని పిలవనే లేదు. పాపం ఆయన దాన్ని సందుగల ఏసి మూత పెట్టిండు. మీ సాబ్ పోయి అడిగి తెచ్చి నాకిచ్చిండు. పోరనికి చెప్పకు, మళ్ల నిచ్చెన ఎక్కడు అన్నడు."

అప్పుడు చూశాను ఆమె కట్టుకున్న చీరను. నేను వచ్చిన దగ్గరనుంచీ అది నా కళ్ల ముందే ఉంది. ఉతికి ఉతికి వెలిసిన గంధం రంగు. అంచు కుంకుమ రంగని తెలిసినవాడికే తెలుస్తుంది. నిచ్చెన మడుస్తున్న టెక్నీషియన్ కూడా ఆ అంచు వైపే చూస్తున్నాడు.

ఖాలా నడుం దగ్గర కుచ్చిళ్లు సర్దుకుంటూ లోపలికి తిరిగింది.

"ఇన్నేండ్లాయె," అన్నది. "నీ ముడులు ఇయ్యాల్టికి గుచ్చుకుంటనే ఉన్నయి."