‘నాట్ ది వరస్ట్’కి నేను చెప్పిన తెలుగు

మా అమ్మాయికి బేస్‌బాల్ నేర్పిన పెద్దాయన గుర్తొస్తే ఇప్పటికీ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఆ వెంటనే ఆయన మీద నేను కోప్పడ్డది గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

అప్పుడు మేం ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కనున్న మెయ్‌నూత్‌లో ఉండేవాళ్లం. డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏడాదికో కొత్త భవనం కడుతున్న రోజులు. నేను అలాంటి ఒక కంపెనీలో టెస్టర్‌ని, అంటే ఒకళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. మా ఆయన డ్రోహెడా ఆసుపత్రిలో డాక్టరు, శనివారాలు కూడా డ్యూటీయే. మా ఆఫీసులోని అమెరికా వాళ్లు తమ పిల్లల కోసం పెట్టుకున్న బేస్‌బాల్ క్లబ్బులో, హైస్కూల్లో చదువుతున్న మా పిల్ల కూడా చేరింది. తెలిసినవాళ్లంతా క్రికెట్ అనుకునేవారు. కాదండీ బాబూ, బేస్‌బాల్ అని చెప్పలేక చచ్చేదాన్ని. కోచ్ మాత్రం ఐరిష్ ఆయనే. వయసులో ఉండగా అమెరికాలో కూలిపనికి వెళ్లి ఆట నేర్చుకొచ్చారట. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవారు.

ఒక శనివారం ఆయన పిల్లలందరికీ పరీక్ష పెట్టారు. పరుగు, క్యాచ్, బ్యాటింగ్, విసరడం. అందులో తేలినదాన్నిబట్టి పిల్లలు ఒక్కొక్కరూ ఏదో ఒక్క స్థానానికి పేరివ్వాలి. వచ్చే వారం జట్టు ఎంపిక. మా పిల్లకి పిచ్చర్ అవ్వాలని ప్రాణం. పిచ్చరంటే మైదానం మధ్యలో నిలబడి బ్యాట్ పట్టినవాళ్లకి బంతి విసిరే మనిషి. రెండేళ్లుగా పెరటి గోడ మీద సుద్దముక్కతో గడి గీసుకుని దానికేసి కొడుతూనే ఉంది.

పిల్లలు సామాను సర్దుకుంటుంటే కోచ్ నా దగ్గరికొచ్చి నోటుపుస్తకం తెరిచారు. "రన్నింగ్, గ్రాండ్. క్యాచింగ్, గ్రాండ్."

నా ముఖం చాటంత అయింది.

"త్రోయింగ్..." అని, "షీ ఈజ్ నాట్ ది వరస్ట్" అంటూ పుస్తకం మూసేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం మాటండీ అది? పసిపిల్ల రెండేళ్లు చేతులు పడిపోయేలా విసిరితే, అందరికంటే అధ్వానం కాదంటాడా! కారెక్కగానే మా పిల్ల అడిగింది, "వాట్ డిడ్ హీ సే, అమ్మా?"

అబద్ధం చెప్పి ఆశపెట్టడం నాకు చేతకాదు. "పరుగూ క్యాచింగూ అద్భుతమట. విసరడమే, మరీ అధ్వానంగా లేదు అన్నారు. పోనీలే తల్లీ, దూరంగా నిలబడి బంతులు పట్టుకుంటారు చూడు, ఆ ఔట్‌ఫీల్డ్‌కి పేరిచ్చెయ్."

"హీ సెడ్ దట్?"

"నేనేమన్నా కల్పించి చెప్తున్నానా?"

ఔట్‌ఫీల్డ్‌కే పేరిచ్చింది. ఆ వారమంతా గోడకి బంతి తగిలిన చప్పుడు లేదు.

ఎంపిక రోజున నేను ఎప్పటిలాగే కారులో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాను. కోచ్ వచ్చి అద్దం మీద తట్టారు. మీ అమ్మాయి ఎందుకు విసరనంటోంది అని అడిగారు.

"మీరే కదండీ నాట్ ది వరస్ట్ అన్నారు!" అని గయ్యిమన్నాను.

ఆయన ముఖం కందగడ్డలా అయిపోయింది. మా దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదమ్మా, ఆ మాట ఈ క్లబ్బులో ఇంకే పిల్ల గురించీ నేననలేదు అన్నారు. మరి గ్రాండ్ అంటే అన్నాను. గ్రాండంటే ఏముంది, సరిపోతుందని అన్నారు.

నాలుక కరుచుకున్నాను. నేను స్కూలు మొత్తానికి ఫస్టొస్తే మా అమ్మ దిష్టి తగులుతుందని "పర్లేదులే" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ పర్లేదులే కోసం నేను ఏడాదంతా చదివేదాన్ని. అలాంటి ఇంట్లో పుట్టి, ఈయన మాట నాకు అర్థం కాలేదు చూడండి.

"చివర్లో అవకాశమిస్తాను, తీసుకురండి" అన్నారాయన. ఇంత మాటన్నదాన్ని, కసురుకోలేదు, నవ్వనూ లేదు.

పరుగెత్తుకెళ్లి మా పిల్లకి ఈసారి ఆయన మాటలు ఆయన ఇంగ్లీషులోనే చెప్పాను. దాని ముఖం వెలిగిపోయింది. అంతలోనే నాకేసి అదోలా చూసింది.

"బట్ వాట్ డిడ్ యూ థింక్, అమ్మా? యూ వర్ దేర్ ఎవ్రీ సాటర్డే."

ఉన్నాను. కారులో ఉన్నాను. రెండేళ్లలో అది విసిరిన ఒక్క బంతినీ నేను చివరిదాకా చూడలేదు.

"నేను చూడలేదు తల్లీ" అన్నాను.

అది గ్లవ్ తీసుకుని మైదానంలోకి నడిచింది. కాల్ అలాగే వదిలేసి నేను కంచె దగ్గర నిలబడ్డాను.

ఆ సాయంత్రం పిచ్చర్ల జాబితాలో దాని పేరుంది. ఆయన ఆవేళ వచ్చి అద్దం తట్టకపోతే ఏమయ్యేదో తలుచుకోను కూడా తలుచుకోలేను. జాబితా కంటే నాకు ఎక్కువ గుర్తున్నవి ఆ బంతులే. మొదటి నాలుగైదు బంతుల్లో ప్రతిదానికీ ముందు అది తలతిప్పి కంచెవైపు చూసింది, నేనున్నానా వెళ్లిపోయానా అని. ఆ తర్వాత చూడటం మానేసి విసిరింది.