కొరమేనుకు షేక్‌హ్యాండ్

ఎనభైల్లో యానాం మొత్తానికి ఒకే ఒక్క గోల్ఫ్ ఆటగాడు మా తాతయ్య తమ్ముడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పెన్షన్‌తో తిరిగొచ్చిన ఆయనను మేం ఫ్రాన్సు తాతయ్య అనేవాళ్ళం. రోజూ గుమ్మంలో నిలబడి అరచెయ్యి బయటికి చాపి, "చలి ఉందర్రా" అనేవారు. అప్పటికి మాకు చెమటలు కారుతుండేవి. ఇప్పుడా గుమ్మంలోంచి ఎవరూ చెయ్యి చాపరు.

ఓ వానాకాలం ఆయన తడిచేతిలోంచి జారిన గోల్ఫ్ కర్ర సగం గోదావరి దాటాక మునిగింది. ఇక మిగిలింది ఒక్కటే. అదీ పోతే ఆట అయిపోయినట్టే. అందుకని ముసురులో ఏ గ్లౌజు పనికొస్తుందో తేల్చడానికి, చేపలమ్మే ఆవిడను వాకిట్లో ఆపి, బతికున్న కొరమేనును పట్టుకున్నారు.

తోలు గ్లౌజులోంచి చేప తారాజువ్వలా లేచి పక్కింటి అరుగెక్కింది.

"అయ్యబాబోయ్! కూరకనుకున్నానండి. షేక్‌హ్యాండ్ ఇవ్వడానికా తాతగారూ?" అందావిడ.

"నువ్వుండవే అమ్మాయ్, ఇంకోటి చూడాలి" అంటూ ఊలు గ్లౌజులు బకెట్లో ముంచి తొడుక్కున్నారు. ఈసారి చేప ఎంత గింజుకున్నా పట్టు సడల్లేదు.

మర్నాడు జల్లులోనే గట్టుకి వెళ్ళాం. ఆయన కొట్టిన దెబ్బకి బంతి తిన్నగా వెళ్ళి గోదావరిలో పడింది. ఇంట్లో ఇంకో బంతి లేదని నాకు తెలుసు. ఫ్రాన్సు తాతయ్య మాత్రం నీళ్ళకేసి చూడనే లేదు. తడి ఊలు పిడికిట్లో బిగిసి ఉన్న కర్రను పైకెత్తి, అవతలి ఒడ్డు ఉలిక్కిపడేలా అరిచారు:

"ఉందిరా! చేతిలోనే ఉంది!"