మురికి గోడ ముందు

ఏటా పరీక్షలైపోయి కుర్రాళ్లు గదులు ఖాళీ చేసిన మర్నాడే ఆ హాస్టలు మేడలో రంగులాయన బ్రష్షు పట్టుకుని దిగుతాడు. పాతికేళ్లుగా ఆయనది ఒకటే పద్ధతి. అన్నిటికన్నా మురికిగా ఉన్న గోడనే ముందు పట్టాలి, దానిమీద ఏం రాసుందో చదవకూడదు.

"చదువుతూ కూర్చుంటే చెయ్యి సాగుతుందా? అయినా ఈ వెధవలకి కాగితాలు కరువొచ్చాయా?" అని విసుక్కుంటాడు.

ఈసారి చివరి గదిలో మంచం పక్క గోడంతా పెన్సిల్ రాతలే. తిట్టుకుంటూ గరుకు కాగితంతో రుద్దేసి, పూత వేసి ఇటు తిరిగేసరికి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. ఆ గదిలో ఉంటూ పరీక్షలకి వారం ముందు జ్వరంతో పోయిన కుర్రాడి తల్లి. వాడి పెట్టె తీసుకెళ్లడానికి వచ్చింది.

"'గోడమీద నీకో ఉత్తరం రాస్తున్నానమ్మా, ఖాళీ చేసే రోజు నువ్వే వచ్చి చదువుకోవాలి' అనేవాడు మావాడు, అన్నయ్యా. ఏ గోడ అది?"

రంగులాయన బ్రష్షు కింద పెట్టాడు. తడిగోడ వైపు చెయ్యి చూపించాడు.

ఆవిడ ఏడవలేదు. "పోనీ, మీరు చదివారా?" అంది.

"చదివానమ్మా," అన్నాడు, బతుకులో ఒక్క గోడా చదవనివాడు. "నీ ఆరోగ్యం జాగ్రత్త అని రాశాడు. అక్షరాలు ముత్యాలనుకో."

ఆవిడ గోడ దగ్గరికి నడిచింది.

"మావాడివి కోడిగీతలు అన్నయ్యా," అని, ఆ తడి రంగుమీదే అరచెయ్యి ఆనించి నిలబడిపోయింది.