మస్తానమ్మకు నేను చెప్పిన మజ్జిగ వైద్యం

నిన్న పొద్దున బండి కడుగుతుంటే మా ఇంటి యజమాని వచ్చి, మస్తానమ్మ పోయిందని చెప్పాడు.

చేతిలో పైపు అట్లాగే ఉంది. నీళ్లు పోతూనే ఉన్నాయి.

రాయచోటి మస్తానమ్మ. సౌదీలోని ఖతీఫ్‌లో ఈ ఇంట్లో తొమ్మిదేళ్లు వంట చేసింది. నేను ఇదే ఇంటి డ్రైవర్‌ని. నాది జగిత్యాల. రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకునేవాళ్లం.

మన వాట్సాప్ గ్రూప్‌లో అందరూ దండం బొమ్మలు పెడుతున్నారు. విధి అంటున్నారు.

విధి కాదు.

నాకు రాయడం సరిగా రాదు. అయినా రాస్తాను.

కిందటి రంజాన్‌లో ఒక మధ్యాహ్నం వంటింట్లో నీళ్లు తాగుతూ కనిపించింది.

“ఏందే చెల్లె, దొంగ రోజానా?” అన్నాను.

నవ్వలేదు.

“నిలిచిపోయి రెండేండ్లాయె అన్నా. ఈతూరి గూడా ముప్పై ఉంటాననుకున్న్యా. మళ్లా వచ్చింది.”

నెలసరి రోజుల్లో వాళ్ల ఆడవాళ్లు రోజా ఉండరు. అది ఆగిపోయాక ముందటేడు ముప్పై రోజాలూ పూర్తి చేసి, ఊళ్లో అందరికీ ఫోన్ చేసి చెప్పుకుంది. ఇప్పుడు అది పోయిందని బాధ.

నాకు అన్నీ తెలుసు కదా. చెప్పేశాను.

“ఈ దేశపు తిండి వేడి. ఖర్జూరం, నువ్వులు, గుడ్డు బంద్ పెట్టు. మజ్జిగ తాగు, తగ్గుతది.”

వాళ్లమ్మ కూడా అదే చెప్పేదట. నమ్మింది.

ఆ సాయంత్రం నుంచి ఆమె వంతు ఖర్జూరాలు నా ప్లేట్‌లోకి వచ్చాయి. “నువ్వు తిను అన్నా, మగోళ్లకేం కాదులే” అనేది.

తిన్నాను.

యజమాని భార్య, మా మేడంది కూడా అదే వయసు. మస్తానమ్మకు వచ్చే వేడి ఆవిర్లే ఆమెకూ. దాచుకోదు. కారెక్కగానే ఏసీ ఫుల్ పెట్టమంటుంది. ఎండాకాలంలో నేను స్వెటర్ వేసుకుని నడిపేవాణ్ణి. నెలకోసారి ఆడవాళ్ల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లేవాణ్ణి. లబన్, అంటే ఇక్కడి మజ్జిగ తాగుతూ, ఖర్జూరం తింటూ వెళ్లేది. ఆమెకేం వేడి చెయ్యలేదు.

మస్తానమ్మ పొయ్యి ముందు, తలగుడ్డ కింద తడి తువ్వాలు చుట్టుకుని నిలబడేది. ఎవరికీ చెప్పలేదు. మన ఆడవాళ్లకు అది సిగ్గు. మనమే నేర్పాం.

మేడం మంచి మనిషి. అడిగితే తీసుకెళ్లమనేది. మస్తానమ్మ అడగలేదు. నేనూ అడగలేదు.

బండిలో వెనక సీటు ఎప్పుడూ సగం ఖాళీనే.

ఎనిమిది నెలలు మజ్జిగ తాగింది. చిక్కిపోయింది. మజ్జిగ పని చేస్తోంది, ఒళ్లు తేలికైంది అనుకున్నాం ఇద్దరం. ఒకరోజు వంటింట్లో పడిపోయింది.

గర్భసంచిలో క్యాన్సర్. అంతా పాకింది. ఒకసారి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే అది నెలసరి కాదట, ఆ వారమే రావాలట. డాక్టర్ మేడంకి చెప్పింది. మేడం నాకు చెప్పింది.

ఇన్నేళ్లు డాక్టర్ గుమ్మం దాకా వెళ్లి, బయట టీ తాగి వచ్చినవాణ్ణి నేను.

గ్రూప్‌లో ఉన్న మగవాళ్లకు ఒక్క మాట. మీ ఇంట్లో ఆడవాళ్లు ఈ మాట చెబితే వైద్యం చెప్పకండి. నోరు మూసుకుని బండి తియ్యండి.

ఈ రోజు ఇక్కడే మట్టి ఇచ్చాం. ఊళ్లో ఉన్న ఆమె కూతురు వీడియోలో చూసింది. ఆ పిల్లకు ఇదంతా ఇంకా చెప్పలేదు. చెప్తాను.

చెల్లె, ఇక ఏ పొయ్యీ లేదు నీకు. నీ దేవుడు నీకు చల్లటి చోటు ఇయ్యాలి. నెమ్మదిగా పడుకో.