మొలతాడు కింద నల్లమచ్చ

ఆ రోజు అంగట్లో రెండడుగుల బండ ఎత్తబోతే చేతులు వణికాయి. కడపలో బండలు కోసి, నునుపు పట్టి అమ్మే వ్యాపారం నాది. ఇరవై ఏళ్లుగా మోస్తున్నవాణ్ణి, నలభై ఆరేళ్లకే ఈ వణుకేమిటని నా మీద నాకే కోపం వచ్చింది. సాయంత్రానికి చలి, జ్వరం, కళ్ల వెనక పోటు.

అంతకు పది రోజుల ముందు, ఆదివారం, నేను అడవిలో ఉన్నాను. మా దగ్గరి కొండల్లోని అభయారణ్యంలో సందర్శకులు నడిచే కాలిబాటను నెలకొకసారి కొందరం స్వచ్ఛందంగా బాగుచేస్తాం. వానలకు కొట్టుకుపోయిన మెట్లకు మళ్లీ బండలు పరచడం నా వంతు. మమ్మల్ని నడిపించే రహంతుల్లా సారు రిటైరైన టీచరు. బయలుదేరే ముందు ప్రతిసారీ పాఠం ఒప్పజెప్పినట్టు చెబుతారు: నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి, గడ్డి మీద కూర్చోకూడదు, ఇంటికి పోగానే స్నానం చేయాలి. నేను నవ్వుకునేవాణ్ణి. ఆ మధ్యాహ్నం చొక్కా విప్పి పొదకు తగిలించి, కోసిన గడ్డి మీద హాయిగా కునుకు తీశాను.

"ఏమప్పా, చెప్పింది చెవిన పడలేదా? లెయ్యి," అన్నారు సారు.

"బండలు మోసే ఒళ్లు సార్ ఇది. దీన్ని ఏ పురుగు కుడతాది?" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జ్వరానికి మా వీధి క్లినిక్‌లో చూపించుకున్నాను. మలేరియా నెగటివ్, డెంగీ నెగటివ్. టైఫాయిడ్ కావచ్చని మందులిచ్చారు. తగ్గలేదు. ఐదో రోజు ఆయాసం మొదలై మాట తడబడేసరికి మా ఆవిడ ఓబులమ్మ నన్ను ఆటోలో వేసుకుని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లింది. ప్లేట్‌లెట్స్ పడిపోయాయన్నారు, క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీలకూ దెబ్బ తగిలిందన్నారు. ఆక్సిజన్ పెట్టి ఐసీయూలో చేర్చారు.

డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. "పొలానికి గానీ అడవికి గానీ పోయినారా?" అని అడిగింది.

"లేదు మేడం, బండల వ్యాపారం," అన్నాను. సారు మాట వినలేదని ఒప్పుకోవడం నాకు చచ్చేంత నామోషీ.

"ఒంటి మీద యాడన్నా నల్లటి పుండు ఉండాదా?"

"లేదు."

నిజానికి ఉంది. దసరాకు కట్టుకున్న కొత్త మొలతాడు ఒరుసుకుని పుండు పడిందనుకుని, పసుపు అద్ది ఊరుకున్నాను. పరీక్ష చేయడానికి అడ్డమని నర్సు ఆ మొలతాడు కత్తిరించబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాను. మా వైపు భార్య పోతేనే మగవాడి మొలతాడు తీస్తారు. ఓబులమ్మ ఎదురుగా నిలబడి ఉండగా ఎలా తీయనిస్తాను?

ఓబులమ్మ ఊరుకోలేదు. "మేడం, ఈయప్ప అబద్ధం చెప్తాండాడు. అడవికి పోయినాడు. గడ్డిలో పండుకున్యాడంట, సారే చెప్పినాడు," అంది. తర్వాత నర్సు చేతిలోంచి కత్తెర తీసుకుని నా వైపు తిరిగింది. "నేను బతికే ఉండా. నీ ముందరే ఉండా. నేనే కత్తిరిస్తా, ఊరకుండు."

కత్తిరించేసింది. కింద శనగగింజంత నల్లమచ్చ, బీడీతో కాల్చినట్టు.

డాక్టరమ్మ వంగి చూసి, "ఎస్కార్, పురుగు కుట్టినచోట పడే మచ్చ. ఇది స్క్రబ్ టైఫస్ జ్వరం," అంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టిందట. బట్టలు, తాళ్లు బిగుతుగా ఉండే చోటే ఎక్కువగా పట్టుకుంటుందట. రిపోర్టు కోసం ఆగకుండా అప్పుడే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టింది. "ఇంకో రెండు దినాలు దాచింటే మా చేతుల్లో ఉండేది కాదు," అంది.

మూడో రోజుకు జ్వరం దిగింది. నేను బాగయ్యానని చూపించాలి కదా, ఎవరినీ పిలవకుండా బాత్రూంకు నడిచి, కళ్లు తిరిగి పడ్డాను. బీపీ పడిపోయింది, ఐసీయూలో మరో రెండు రోజులు. "జ్వరం పోయింది, జబ్బు పోలా," అని డాక్టరమ్మ కసిరింది. ఆ రోజు ఓబులమ్మ ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. చావు భయం అంత దగ్గరగా అప్పుడే తెలిసింది.

మళ్లీ బండ ఎత్తడానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు నెలనెలా అడవికి వెళ్తున్నాను, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని. సారు పాఠం చివర నా వంతు కూడా ఉంటుంది: మొలతాడు కింద, చంకల్లో, గజ్జల్లో చూసుకోండప్పా అని అరుస్తాను. కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, చూసుకుంటే చాలు.

మీకు చెప్పేది ఒక్కటే. పొదల్లో పని చేసొచ్చిన కొన్నాళ్లకు జ్వరం వస్తే, డాక్టరు అడగకముందే ఆ మాట చెప్పండి. ఒంట్లో ఏ మూలా దాచకుండా చూపించండి.

ఇంటికొచ్చిన రోజు ఓబులమ్మే నాకు కొత్త మొలతాడు కట్టింది. జారిపోయేలా ఉందన్నాను.

"ముడి వదులుగానే ఏసినా," అంది. "అడవికి పోయొచ్చినప్పుడల్లా ఇప్పి చూడల్ల గదా."