పరీక్షించని చోటికి సంతకం పెట్టని మనిషి

మా పక్కింటి పెద్దాయన గత గురువారం ఉదయం కాలం చేశారని పాఠకులకు తెలియజేయడానికి విచారిస్తున్నాను. పటాన్‌చెరు దగ్గరి మా కాలనీ సంక్షేమ సంఘం వాట్సాప్ గ్రూపులో ఈ వార్త, నీళ్ల ట్యాంకర్ ఆలస్యమన్న ప్రకటన కింద వెలువడింది. కొందరు సంతాపం తెలిపారు, కొందరు ట్యాంకర్ ఎన్నింటికని అడిగారు. ఆయనైతే ముందు ట్యాంకర్ సంగతి తేల్చమనేవారు.

కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉక్కు పైపుల అతుకులను శబ్దతరంగాలతో పరీక్షిస్తూ పదవీ విరమణ చేశారు. ఆ అర్హత చాలునన్న అవగాహనతో కాలనీవాసులు బోరునీటి రిపోర్టు మొదలు రక్తపరీక్షల దాకా ఆయనకే చూపించేవారు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కుకు ఆనించి చదివేవారు. "నాకు వైద్యం తెలీదు, చదవడం తెలుసు" అనేవారు.

రెండేళ్ల కిందట నేనూ ఒక రిపోర్టు పట్టుకెళ్లాను. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. కుడి వృషణంలో గోళీ అంత గట్టి గడ్డ చేతికి తగిలింది, నొప్పి లేదు. కాజీపల్లిలో ఒక మందుల కర్మాగారంలో నాణ్యతా పత్రాలు రాసే ఉద్యోగంలో ఉండి, ఈ విషయాన్ని మూడు వారాలు ఎవరికీ నివేదించలేదు. స్నానాలగదిలో రోజుకు పదిసార్లు తనిఖీ మాత్రం క్రమం తప్పకుండా జరిగేది.

చివరికి స్కాన్ చేయించుకుంటే, రిపోర్టులో అంతా సవ్యమని ఉంది.

"ఏవయ్యా, కాలేయం బావుంది, మూత్రపిండాలు బావున్నాయి. మరి నీ మొహం ఎందుకలా ఉంది?"

చెప్పక తప్పలేదు.

"గడ్డ అక్కడుంటే కడుపెందుకు స్కాన్ చేశారు?"

"కౌంటర్ల ఆడపిల్ల ఉండె అంకుల్. సిగ్గయింది. కడుపు నొస్తుందని చెప్పిన."

ఆయన నవ్వలేదు. "అతుకు ఒకచోట, పరీక్ష ఇంకోచోట. పైగా పాస్! మా ప్లాంటులో అయితే ఉద్యోగం ఊడేది. పద."

సంగారెడ్డి స్కానింగ్ కేంద్రంలో ఆయనే కౌంటర్ దగ్గరికి వెళ్లి, "వృషణాల స్కానండి, ఇతనికి" అన్నారు. హాల్లో కూర్చున్న వారందరికీ సమాచారం అధికారికంగా అందింది.

లోపల డాక్టరమ్మ తెర చూస్తుంటే నేను పైకప్పు చూశాను.

"ఉల్లిగడ్డ కోసినట్టు వలయాలున్నయి. లోపల రక్తప్రసరణ కనిపిస్తలేదు. క్యాన్సర్ కాకుండా, చాలా అరుదైన తిత్తి, అంటే సిస్టు, కావచ్చు. కానీ స్కాన్ చూసి ఒట్టు పెట్టలేను."

"మొత్తం తీసేస్తరా మేడం?"

"అనుమానముంటే మామూలుగా తీసేస్తరు. నేనైతే ముందు గడ్డ ఒక్కటే తీసి పరీక్షించే వీలుందేమో చూడమని రాస్త."

బయట పెద్దాయన అన్నారు: "తెర మీద కనబడగానే మేం లోపం అనం. సూచన అంటాం. తేలేదాకా అదే మాట. ఇక ఇంటికెళ్లి నీ భార్యతో చెప్పు."

చెప్పాను. తర్వాత పన్నెండు రోజులు ఆ 'సూచన'నే పట్టుకుని వేలాడాను. రక్తపరీక్షలూ, ఎమ్మారై కూడా డాక్టరమ్మ మాటతో ఏకీభవించాయి. ఒట్టు మాత్రం అవీ పెట్టలేదు. ఆపరేషన్‌లో నేను మత్తులో ఉండగానే గడ్డను ల్యాబుకు పంపి, ఫలితాన్ని బట్టి మిగతాది నిర్ణయిస్తామన్నారు.

ఆపరేషన్ తర్వాత ఏటా ఒకసారి స్కాన్ చేయించుకోమన్నారు. ఈ నెలాఖరున మళ్లీ ఉంది. ఈసారి కౌంటర్ దగ్గర నేనే నోరు తెరవాలి. ఇప్పటి నుంచే ఆ మాట సాధన చేస్తున్నాను.

ఆపరేషన్ రోజు మధ్యాహ్నం కళ్లు తెరిచేసరికి ఆయన ముఖం నా మీదికి వంగి ఉంది.

"తిత్తేనటయ్యా! రెండూ భద్రం!"

యంత్రాల హోరు మీద మాట్లాడి అలవాటైన గొంతు. వార్డంతా విన్నది. పక్క మంచం మీది బిహార్ కార్మికుడు సంగతేమిటో అర్థం కాకపోయినా "ముబారక్ హో భయ్యా" అన్నాడు.

మళ్లీ మెలకువ వచ్చేసరికి వార్డు సద్దుమణిగింది. నా భార్య మందులకు వెళ్లింది. ఎవరైనా ఎత్తుకుపోతారని కాబోలు, నా చెప్పుల జత ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ వాటి మీద ఉంచి, పెద్దాయన కుర్చీలో నిద్రపోతున్నారు. లేపవద్దని నర్సుకు సైగ చేశాను.