వంక నత్తలు, ఐరన్ మాత్రలు

వాన గట్టిగా పడినప్పుడల్లా కరెంటు ఫ్యాక్టరీ బూడిద చెరువు మా వంకలోకి పొర్లుతుంది. ఆ వంకలో ఏరిన నత్తలతోనే మా అక్క పులుసు చేస్తుంది. కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆమె కూతురికి ఏడో నెల. వారానికి రెండుసార్లు ఆ పులుసే పెట్టేది.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా కన్నడ సరిహద్దులోని మా తాలూకా లైబ్రరీలోనే, అది చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఫ్యాక్టరీల పక్కన నది సముద్రంలో కలిసే చోట, అడుగు బురదలోనూ గుల్లల మాంసంలోనూ భారలోహాలు పేరుకుంటాయని అక్కడే ఒక కన్నడ పుస్తకంలో చదివాను. సముద్రం మాకు దూరం. బూడిద మాత్రం పక్కనే. నత్త తినేది ఆ బురదనే.

నేరుగా అక్క ఇంటికి పోయాను.

"అక్కా, ఆ నత్తల్లో లోహాలుంటాయి. అమ్మాయికి పెట్టొద్దు."

"లోహమంటే ఏందప్పా?"

"ఇనుము లాంటివి" అన్నాను. అక్కడే చెడింది.

"ఆశా వర్కరమ్మ రక్తం తక్కువుండాదని ఐరన్ మాత్రలిచ్చె. మింగితే వాంతి చేసుకుంటాది. నత్తల్లోనే ఐరనుంటే ఇంకేం గావాల!"

మర్నాటి నుంచి రోజూ నత్తలే. ఇనుపరాయి లారీల వెనక బతికే ఊరికి లోహమంటే అన్నం. విషమని ఎట్లా తోస్తుంది?

తిక్కరేగి పంచాయతీ ఆఫీసుకు పోయాను.

"నీళ్లు టెస్ట్ చేయించినామప్పా, రిపోర్టు చెన్నాగే ఉండాది, ఏ దోషమూ లేదు" అన్నాడు గుమాస్తా.

"నీళ్లు కాదు స్వామీ, బురద!"

"బురద ఎవురు తాగుతారప్పా?"

బెంచీ మీదున్నవాళ్లు పడీ పడీ నవ్వారు.

తిరిగొచ్చేసరికి అమ్మాయి పిన్నీసుతో నత్త మాంసం లాగుతోంది. ఆర్సెనిక్, కాడ్మియం అంటూ మళ్లీ మొదలుపెట్టాను. అక్క ఆవలించింది.

"మామా, ఒక్క మాట చెప్పు. తినొచ్చునా, కూడదా?" అంది అమ్మాయి.

"మన వంక బురదను ఎవరూ పరీక్ష చేయలేదు. విషముందని ఒట్టేసి చెప్పలేను. ఉంటే మాత్రం, లారీ బ్యాటరీలో సీసముంటుందే, అది కడుపులో బిడ్డకు పోతుంది."

ఆమె మొగుడు లారీ డ్రైవరు. పాత బ్యాటరీ పట్టుకున్న చేత్తో అతన్ని అన్నం ముట్టనివ్వదు. పిన్నీసు కింద పెట్టి, గిన్నె దూరంగా నెట్టింది.

అక్క నామీద విరుచుకుపడింది. "సీసమని ఆ పొద్దే చెప్పేకి నోరు రాలేదా? ఇన్ని దినాలు వండి పెట్టింది నేనే కదప్పా! ఏం చదివినావో ఏమో లైబ్రరీలో!"

అమ్మాయి వేళ్లు మడుస్తూ, తిన్న రోజులు లెక్కపెడుతోంది.